పాత మోటార్‌హోమ్ ఉంచుకోవాలా, మార్చాలా? ముందు నిచ్చెన తీయండి

మా ఆర్వీ, అంటే వంట, పడక లోపలే ఉండే మోటార్‌హోమ్, 2007 నాటిది. ఫోర్డ్ ఈ-450 ఛాసిస్ (ఇంజిన్, చక్రాలు ఉండే కింది భాగం) మీద కట్టిన క్లాస్ సీ, 28 అడుగులు, డ్రైవర్ నెత్తిన మంచం ఉండే రకం. ఐదేళ్ల కిందట డాలస్ దగ్గర ఒక అమెరికన్ పెద్దాయన దగ్గర కొన్నాను. అప్పటినుంచి ప్రతి ఫిబ్రవరిలో దాన్ని స్టోరేజీ నుంచి బయటికి తీసేసరికి ఇంట్లో ఒకటే చర్చ, దీన్ని ఇంకా ఎన్నాళ్లు లాగుదాం, కొత్తది తీసుకుందామా అని. ఒకసారి షోరూంలో అడ్వాన్స్ కూడా కట్టి, రాత్రంతా నిద్రపట్టక, పొద్దున్నే వెళ్లి వెనక్కి తీసుకున్నాను. ఇక్కడి మన తెలుగు గ్రూపుల్లో ఇదే ప్రశ్న నెలకొకరు అడుగుతున్నారు కాబట్టి నేను ఏ వరసలో చూస్తానో రాస్తున్నాను. టెక్సస్‌లో ఉంటాను కాబట్టి పన్నుల లెక్క ఇక్కడిది, మీ స్టేట్‌ది మీరు చూసుకోండి.

అందరూ మొదట అడిగేది ఎన్ని మైళ్లు తిరిగింది అని. అది చివర అడగాల్సిన ప్రశ్న. మా బండిలో ఉన్న 6.8 లీటర్ల వీ10 ఇంజిన్‌ని ఫోర్డ్ 1990ల చివరినుంచి దాదాపు 2020 దాకా వాడింది. ఈ-సిరీస్ ఛాసిస్ మీదే అంబులెన్సులు, డెలివరీ ట్రక్కులు, చిన్న స్కూల్ బస్సులు కూడా కట్టారు కాబట్టి పార్టులు ఏ ఊళ్లో అయినా దొరుకుతాయి, పాత ట్రక్కులు చూసే మెకానిక్ ఎవరైనా చేయగలడు. 2007 బండి 50 వేల మైళ్లు తిరిగిందంటే ఇంజిన్ సంగతి పక్కన పెట్టొచ్చు. ముందు పోయేది ఇంజిన్ కాదు, దానిమీద కట్టిన ఇల్లు. ఆ ఇంటి గోడలు చూడ్డానికి గట్టిగా ఉంటాయి గానీ లోపల ఉన్నది పల్చటి ప్లైవుడ్, ఫోమ్, కర్రో అల్యూమినియమో ఫ్రేము, పైన ఫైబర్‌గ్లాస్ తొడుగు, ఇవన్నీ జిగురుతో అతికించినవి. ఒక్క సందులోంచి నీళ్లు దిగితే చాలు, తడిసి మోపెడవుతుంది అనే మాట అక్షరాలా నిజమయ్యేది ఇక్కడే.

నిచ్చెన, టార్చి, చెమ్మ మీటర్

పొడిగా ఉన్న రోజు పొద్దున్నే పైకి ఎక్కండి. మీ పైకప్పు మనిషి బరువు మోస్తుందో లేదో మాన్యువల్‌లో చూసుకుని ఎక్కండి, అనుమానం ఉంటే నిచ్చెన నాలుగు వైపులా జరుపుకుంటూ అంచులనుంచే చూడండి. పైకప్పు మీద పరిచిన రబ్బరు షీటు బాగానే ఉంటుంది సాధారణంగా. చూడాల్సింది ఏసీ చుట్టూ, వెంట్లు, యాంటెన్నా, ముందు టోపీ భాగం పైకప్పుతో కలిసే గీత, అంటే కన్నం పెట్టి స్క్రూ దించిన ప్రతిచోటా పూసిన సీలెంట్. అది ఎండకి ఎండి వెంట్రుకవాసి పగుళ్లు వేస్తుంది. టెక్సస్ ఎండకైతే ఆర్నెల్లకోసారి చూడక తప్పదు. పగుళ్లు కనబడితే శుభ్రం చేసి, ఆర్వీ పైకప్పులకని అమ్మే తనంతట తానే సర్దుకునే సీలెంట్ పూయండి. ఇంట్లో కిచెన్ సింకు దగ్గర వాడే సిలికాన్ మాత్రం వద్దు, ఆ తర్వాత దానిమీద ఇంకేదీ అంటుకోదు, గీకలేక చస్తాం. ఆ షీటు ఈపీడీఎమ్ అనే రబ్బరు రకం అయితే పెట్రోలియం కలిసిన క్లీనర్లు కూడా వద్దు, షీటు ఉబ్బిపోతుంది.

దిగాక సాయంత్రం టార్చిలైటు గోడకి ఆనించి, గోడ పొడవునా ఏటవాలుగా వెలుగు వేసి చూడండి. ఎక్కడైనా అల లాగానో, అప్పడం పొంగినట్టో నీడ కనిపిస్తే అక్కడ లోపలి ప్లైవుడ్ తడిసి జిగురు వదిలేసిందని అర్థం. లోపల అన్ని కప్‌బోర్డులు ఖాళీ చేసి పై మూలల్లో స్క్రూలు తుప్పు పట్టాయేమో చూడండి. రెండ్రోజులు తలుపులు బిగించి ఉంచి, మూడోరోజు తెరవగానే వచ్చే మొదటి వాసన ముక్కిపోయిన వాసన అయితే ఎక్కడో నీళ్లు ఉన్నట్టే, రూం ఫ్రెషనర్ కొట్టి మనల్ని మనం మోసం చేసుకోవద్దు. స్లైడ్ అవుట్ (బండి ఆగాక బయటికి జరిగి జాగా పెంచే గోడ భాగం) ఉంటే దాని కింద నేల, అంచులు కాలితో నొక్కి చూడండి.

ఈ పని నేను సరిగ్గా నేర్చుకున్నది మా నాన్న దగ్గర. రెండేళ్ల కిందట అమ్మానాన్న వచ్చినప్పుడు ఎల్లోస్టోన్ బయల్దేరడానికి సామాను సర్దుతున్నాం. నాన్న తెనాలి దగ్గర రైస్‌మిల్లులో నలభై ఏళ్లు పనిచేశారు, గుప్పెడు ధాన్యం చేత్తో నలిపి తేమ ఎంతో చెప్పేవారు. డ్రైవర్ సీటు పైన మంచం మీద దుప్పటి పరుస్తూ ఎడమ మూల బొటనవేలితో నొక్కి, "ఒరే, ఇటు రా, ఇక్కడ మెత్తగా ఉంది" అన్నారు. నేను నవ్వేసి అది వాల్‌పేపర్ నాన్నా అన్నాను. "వాల్‌పేపర్ చల్లగా ఉండదురా" అన్నారు. మర్నాడు హార్డ్‌వేర్ షాపులో రెండు సూదులుండే చెమ్మ మీటర్ కొనుక్కొచ్చి గుచ్చితే 28 శాతం. పక్కనే పొడి గోడ 11 ఉంది. నాన్న ఆ అంకె చూసి, "17 దాటితే ప్రభుత్వం ధాన్యమే కొనదు, 28 ఉన్న గోడ పక్కన మమ్మల్ని పడుకోమంటావా" అన్నారు. ప్రయాణం పది రోజులు వాయిదా పడింది. ప్యానెల్ విప్పితే చెయ్యి పట్టేంత మేర ప్లైవుడ్ తడి వక్కపొడిలా రాలింది. నీళ్లు దిగింది పైనుంచి కూడా కాదు, ఆ మంచం ముందు ఉండే కిటికీ ఫ్రేము అంచునుంచి. క్లాస్ సీ బండ్లకి అది పేరుమోసిన చోటు, ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది కదా, హైవే మీద వాన పడితే నీళ్లు నేరుగా దానికే కొడతాయి.

ఆ మీటర్ కొనండి, రెండు పిజ్జాల ఖరీదు ఉండదు. మీ బండిలో పొడి అని ఖాయంగా తెలిసిన చోట ముందు గుచ్చి, ఆ అంకెతో మిగతావి పోల్చండి. 15 లోపు ఉంటే హాయిగా పడుకోవచ్చు, 20 దాటితే విప్పి చూడాల్సిందే.

ఇక్కడే సగం నిర్ణయం అయిపోతుంది. ఒక మూల, అరచేతి మేర అయితే బాగుచేసి ఉంచుకోండి. ఒక పక్క గోడంతా ఉబ్బినా, స్లైడ్ కింద నేల పుచ్చినా, దాని మీద ఇంక ఒక్క డాలర్ కూడా పెట్టొద్దు, కొత్త ఫ్రిజ్ పెడితే బాగుంటుందేమో అన్న ఆలోచన అసలే వద్దు. ఉన్నది ఉన్నట్టు చెప్పి, ఫోటోలు చూపించి, వచ్చినంతకు అమ్మేయండి. ఇన్సూరెన్స్ ఆదుకుంటుందని ఆశ పెట్టుకోకండి, వడగళ్లు పడి పగిలితే కాంప్రెహెన్సివ్ కింద ఇస్తారు గానీ మెల్లగా కారి పుచ్చిన దానికి మామూలుగా ఇవ్వరు.

ఏది చేసినా తప్పని ఖర్చు

కొన్ని ఖర్చులు ఉంచుకోవాలా, మార్చాలా అన్నదానితో పని లేకుండా, ఆ బండి రోడ్డెక్కాలంటే చేయాల్సినవి. టైర్లు అందులో మొదటివి. ఆర్వీ టైరు అరిగి పోదు, వయసై పోతుంది. గాడులు కొత్తవాటిలా ఉన్నా పక్కగోడ పగిలి హైవే మీద పేలుతుంది, పేలినప్పుడు చక్రం చుట్టూ ఉన్న నేల, ట్యాంకు పైపులు కూడా చీల్చుకుపోతుంది. టైరు పక్కగోడ మీద ఉండే డాట్ కోడ్ చివరి నాలుగంకెలు చూడండి, 3218 అంటే 2018లో 32వ వారం తయారైందని. ఐదేళ్లు దాటితే ఏటా చూపించాలి, ఆరేడేళ్లకి మార్చేయడం మంచిది. వెనక జంట చక్రాల్లో లోపలి టైరు కోడ్ లోపలి వైపుకి తిరిగి ఉండొచ్చు, టార్చి పట్టుకుని వెల్లకిలా దూరక తప్పదు. కొత్తగా కొనే బండికి కూడా ఇది చూడండి, ఛాసిస్ ఒకచోట తయారై, ఇంకోచోట ఇల్లు కట్టి, డీలర్ దగ్గర ఏడాది నిలబడి ఉంటే "కొత్త" బండి టైర్లకి అప్పటికే రెండేళ్లు నిండి ఉంటాయి.

గ్యాస్ డిటెక్టర్, కార్బన్ మోనాక్సైడ్ అలారం వెనక తేదీ ఉంటుంది, అది దాటితే లైటు వెలుగుతున్నా మార్చేయాలి. బ్రేక్ ఆయిల్, రబ్బరు గొట్టాలు, బెల్టులు సరే. విన్ నంబర్ (బండి గుర్తింపు నంబర్) కొట్టి, రోడ్డు భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో రీకాల్స్, అంటే లోపం ఉందని కంపెనీ వెనక్కి పిలిచినవి, చూడండి. ఛాసిస్‌కి, పైన ఇల్లు కట్టిన కంపెనీకి, ఫ్రిజ్‌కి విడివిడిగా రీకాల్స్ ఉంటాయి, అందుకని మూడూ వెతకాలి. జెనరేటర్‌ని నెలకి రెండు గంటలు, ఏసీ వేసి లోడ్ మీద నడపండి, లేకపోతే కార్బురేటర్‌లో పెట్రోలు జిగురు కట్టి మొరాయిస్తుంది. మాది అలాగే మొరాయించింది.

అసలు మీకు విసుగు ఎక్కడ?

ఇది ఇంట్లో సోఫాలో కూర్చుని ఆలోచించేది కాదు. ఒక ట్రిప్ మొత్తం ఫ్రిజ్ తలుపుకి కాగితం అంటించి, ఎవరికి ఏది చిరాకు పుట్టిస్తే అది అప్పుడే రాయమనండి. మాది తిరిగొచ్చేసరికి ఇలా ఉంది: పరుపు గట్టిగా ఉంది, ఫ్రిజ్ మధ్యాహ్నం పెరుగు పులిసేలా చేస్తోంది, ట్రక్ పక్కనుంచి వెళ్తే బండి ఊగుతోంది, ప్లగ్ పాయింట్లు చాలవు, అమ్మ రాత్రి బాత్రూంకి లేవాలంటే నాన్నను దాటుకుని రావాలి, ఐదోవాళ్లకి సరైన సీటు బెల్టు లేదు.

మొదటి నాలుగూ డబ్బుతో పోయేవే. పరుపు సరే సరి. పాత ఫ్రిజ్‌లు గ్యాస్ మీద, కరెంటు మీద నడిచే అమోనియా రకం, బండి సమతలంగా నిలబెట్టకపోయినా, బయట 100 ఫారెన్‌హీట్ దాటినా చేతులెత్తేస్తాయి. వాటి స్థానంలో 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ పెట్టుకోవచ్చు, కానీ బ్యాటరీ దానికి తగ్గట్టు ఉండాలి. లిథియం బ్యాటరీ వేస్తే పాత కన్వర్టర్ (బయటి కరెంటుతో బ్యాటరీని చార్జ్ చేసే పెట్టె) దాన్ని సరిగ్గా చార్జ్ చేయదు, అదీ కలిపి లెక్క వేసుకోండి. ఊగుడుకి మంచి షాక్ అబ్జార్బర్లు, వెనక స్వే బార్ (బండి పక్కలకి ఒరగకుండా పట్టే ఉక్కు కడ్డీ).

చివరి రెండూ డబ్బుతో పోవు. మంచం మూలకి ఇరికించిన ప్లాన్ పెద్దగా మారదు, సీటు బెల్టు మనం బిగించుకునేది కాదు, దాని కింద ఉక్కు ఫ్రేము ఉండాలి. డైనెట్‌లో, అంటే తినే బల్ల దగ్గరి సీట్లలో, బెల్టు ఉన్నా వెనక్కి తిరిగి ఉంటే కార్ సీటులో కూర్చునే పిల్లలకి పనికిరాదు. నా దృష్టిలో ఆర్వీ మార్చడానికి తడి తర్వాత సరైన కారణాలు ఇవే: మనుషులు పెరిగారు, మోకాళ్లు పాడయ్యాయి, బరువు దాటుతోంది. మిగతావి మనసు పడటం, అదీ తప్పేం కాదు గానీ దానికి పాత బండిని తిట్టక్కర్లేదు.

బరువు ఊహించొద్దు, తూకం వేయించండి. ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ ఉంటుంది, అందరూ ఎక్కి, నీళ్లు నింపి, బియ్యం సంచితో సహా నిలబడాలి. ఒక గ్యాలన్ నీళ్లే 8 పౌండ్ల పైచిలుకు, 40 గ్యాలన్లంటే 330 పౌండ్లు దాటుతుంది. మా స్టిక్కర్ మీద 14,050 పౌండ్ల పరిమితి ఉంటే మేము 13,720 తేలాం. అమ్మ తెచ్చిన రోటి గురించి ఆ రోజే మాట్లాడుకున్నాం.

పెద్దది కొనాలన్న మోజు ఉంటే ఎక్కడికి వెళ్తారో కూడా చూసుకోండి. గ్లేసియర్ పార్కులో గోయింగ్ టు ది సన్ రోడ్డు మీద ఎత్తుగా ఉన్న భాగంలోకి 21 అడుగులు దాటిన బండిని రానివ్వరు. బిగ్ బెండ్‌లో చీసోస్ బేసిన్ రోడ్డుకి 24 అడుగులు మించినవి వద్దని పార్కువాళ్లే చెప్తారు. మా 28కే ఇవి రెండూ లేవు, 34 కొంటే లేనివాటి జాబితా పెరుగుతుంది తప్ప తగ్గదు. ఇంకోవైపు కొన్ని ప్రైవేటు ఆర్వీ పార్కులు పదేళ్లు దాటిన బండ్లని ఒప్పుకోవు, లేదా ఫోటో పంపమంటాయి. నేను నాలుగుసార్లు ఫోటో పంపాను, కడిగి పాలిష్ పట్టిన ఫోటో అనుకోండి, ఒక్కసారే కాదన్నారు. నేషనల్, స్టేట్ పార్కుల్లో ఈ పట్టింపు ఉండదు.

రాత్రికి ఎంత పడుతోంది

రిపేర్ బిల్లు బండి విలువలో సగం దాటితే అమ్మేయండి అని ఒక సలహా తిరుగుతుంటుంది. నాకు నచ్చదు. బండి విలువే పడిపోయి ఉంటుంది కాబట్టి ఏ బిల్లు చూసినా పెద్దగానే కనిపిస్తుంది. పోల్చాల్సింది కొత్తదానికి ఏడాదికి కట్టే డబ్బుతో.

నేను అడ్వాన్స్ వెనక్కి తీసుకున్న రాత్రి వేసిన లెక్క చెప్తాను. బండి 1,10,000 డాలర్లు. పాతదానికి 18,000 ఇస్తామన్నారు. మిగిలింది 92,000, దానిమీద టెక్సస్ మోటార్ వెహికల్ పన్ను 6.25 శాతం, 5,750. చేతినుంచి 17,750 కడితే అప్పు 80,000. పదిహేనేళ్లకి 8 శాతం వడ్డీతో నెలకి సుమారు 765 డాలర్లు, ఏడాదికి 9,180. మేము ఏడాదికి గడిపేది 24 రాత్రులు. అంటే ఇంకా పెట్రోలు పోయకుండా, స్టోరేజీ కట్టకుండా, ఇన్సూరెన్స్ కట్టకుండా ఒక్కో రాత్రికి 380 డాలర్ల పైన. ఆ డబ్బుకి మంచి హోటల్‌లో బ్రేక్‌ఫాస్ట్ కూడా పెడతారు. పదిహేనేళ్లలో వడ్డీ ఒక్కటే 57 వేల పైచిలుకు, ఈలోపు బండి విలువ వేరే దారిలో కిందకి పోతుంటుంది.

పాతదానికి ఐదేళ్లలో నా డైరీలో రాసుకున్నవి: టైర్లు 1,500, ఫ్రిజ్ 2,200, ఏసీ 1,400, పైకప్పు సీలింగ్, ఆ ముందు మూల కలిపి 2,600, బ్యాటరీలు, కన్వర్టర్ 1,100, చిల్లర 600. మొత్తం 9,400, ఏడాదికి 1,880, రాత్రికి 78. స్టోరేజీ, ఇన్సూరెన్స్ రెండింటికీ ఉండేవే కాబట్టి కలపలేదు. ఏడాదికి 60 రాత్రులు తిరిగే రిటైరైనవాళ్లకి ఈ లెక్క వేరుగా వస్తుంది, మీ రాత్రులు నిజాయితీగా లెక్కపెట్టండి, పోయినేడాది క్యాలెండర్ తీసి చూడండి, "ఈ ఏడాది ఎక్కువ తిరుగుతాం" అన్నది లెక్కలోకి రాదు.

వంట, పడక, టాయ్‌లెట్ ఉంటే ఆర్వీని ఐఆర్‌ఎస్ (ఆదాయపు పన్ను శాఖ) రెండో ఇంటిగా ఒప్పుకుంటుంది, వడ్డీ మినహాయింపు వస్తుంది కదా అని సేల్స్‌మన్ చెప్తాడు. నిజమే, కానీ ఐటమైజ్ చేసేవాళ్లకే, అంటే మినహాయింపులు ఒక్కొక్కటిగా చూపించేవాళ్లకే. మనలో ఎక్కువమంది స్టాండర్డ్ డిడక్షన్, అంటే ఒకే మొత్తంగా ఇచ్చే మినహాయింపు, తీసుకుంటాం.

మార్చాలనే తేలితే

హ్యూస్టన్‌లో మా బావ కొత్తది కొన్నాడు. మొదటి ఏడాదిలో మూడు నెలలు వర్క్‌షాప్‌లోనే ఉంది, స్లైడ్ ఒరుసుకుంటోందని ఒకసారి, డ్రాయర్లు ఊడొస్తున్నాయని ఒకసారి, పార్టు రాలేదని మిగతా రోజులంతా. బండిమీద కట్టిన ఇంటి భాగానికి వారంటీ చాలావాటికి ఒక్క ఏడాదే. కాబట్టి నా ఓటు మూడునుంచి ఏడేళ్ల వయసున్న, షెడ్డు కింద ఉంచిన బండికి. మొదటాయన విలువ పడిపోవడం భరించేశాడు, లోపాలు చేయించేశాడు.

ఇంచుమించు అదే ప్లాన్ ఉన్నది మూడు రాత్రులకి అద్దెకి తీసుకుని, ఇంట్లో అందరినీ ఎక్కించండి, అత్తగారితో సహా. కొనేముందు ఎన్‌ఆర్‌వీఐఏ (ఆర్వీ ఇన్‌స్పెక్టర్ల సంఘం) సర్టిఫికెట్ ఉన్న ఇన్‌స్పెక్టర్‌ని మీరే పెట్టుకోండి, డీలర్ చూపించినాయన వద్దు. సంతకానికి ముందు ఫ్రిజ్‌ని ముందురోజు రాత్రే ఆన్ చేయించండి, ప్రతి కుళాయీ తిప్పండి, జెనరేటర్ మీద ఏసీ వేయించండి, మీ చెమ్మ మీటర్ జేబులో పెట్టుకెళ్లండి. ముఖం చిట్లిస్తే చిట్లించనివ్వండి.

పాతది అమ్మడానికి ఫిబ్రవరినుంచి మే దాకా మంచి కాలం, కొనడానికి చలికాలం. ధర జేడీ పవర్ అనే బండ్ల ధరల సైట్‌లో చూసుకోండి. టెక్సస్‌లో పాతబండి మార్పిడికి ఇస్తే ఆ మేరకు పన్ను తగ్గుతుంది, 18,000కి 1,125 డాలర్లు. బయట అమ్మితే ఈ రెండూ కలిపి కనీసం 19,125 పైన రావాలి, లేకపోతే నలుగురికి చూపించే శ్రమ దండగ.

ఈసారి కూడా మేము ఉంచుకున్నాం. అమ్మానాన్న ఏప్రిల్‌లో మళ్లీ వస్తున్నారు, ఈసారి వాళ్లకి వెనక మంచం, మధ్యలో నడవడానికి జాగా వచ్చేలా ఒక కప్‌బోర్డు పీకేశాను. టికెట్లు బుక్ చేశానని ఫోన్ చేస్తే నాన్న మొదట అడిగింది, ఆ ఎడమ మూల ఎంత చూపిస్తోందిరా అని. 12 అన్నాను. పోయినేడాది 11 కదా అన్నారు. రేపు శనివారం నిచ్చెన వేస్తున్నాను.